నాలుగు పౌండ్ల చీటీ

"ఆ పెట్టె మీద చెయ్యి వేశావంటే ఊరుకోను లోర్నా," అన్నాడు డీన్.

నేను అప్పటికే వేసేశాను. వంటింటి బల్ల మీద, టోస్టు పళ్లేలకీ మార్మలేడు సీసాకీ మధ్య ఉందది. చుట్టూ టేపు. పైన మా ఆయన గుండ్రటి చేతిరాతలో ఒసాకా, జపాన్ అని చిరునామా. మధ్యాహ్నం లోపల కొరియర్ బండి వచ్చి తీసుకుపోతుంది. కిటికీ బయట సముద్రం మీంచి లేచిన మంచు వీధిని మింగేసింది, ఎదురింటి తలుపు కూడా కనబడటం లేదు. ఆ మంచులో బండి దారి తప్పితే బావుండునని పొద్దున్నుంచీ మొక్కుకుంటున్నాను.

"అక్కడ ఆవిడ చలి చలి అని ఒకటే గోల పెడుతోంది డీన్! మా నాన్న గాన్సీ తెచ్చి కాళ్ల మీద కప్పండి అని నిన్నటి నుంచీ అదే మాట. ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషయితే పోనీలే అనుకుందును. విన్! మన గోడ అవతల ఉండే విన్!"

"నాకేం తెలుసు అది విన్ వాళ్లదని? కొట్టులో వేలాడుతోంది. నాలుగు పౌండ్లని చీటీ ఉంది. నాలుగు పౌండ్లు ఇచ్చాను. అడిగింది ఇచ్చినవాణ్ణి పట్టుకుని దొంగంటే ఎలా?"

దొంగ అనే మాట నేను అనలేదు. తనంతట తనే అన్నాడు.

విన్‌కి ఎనభై దాటాయి. చివరి రోజుల్లో ఉన్నవాళ్లని కడదాకా చూసుకునే హాస్పిస్ మా ఊరి కొండ మీద ఉంది, ఆవిణ్ణి అక్కడ చేర్చారు. చేర్చిన వారానికి లీడ్స్ నుంచి మేనకోడలు పెట్రా దిగింది. ఒక్క పూటలో ఇల్లంతా సంచుల్లోకి కుక్కి, బజారులో ఆ హాస్పిస్ వాళ్లే నడిపే పాత సామాన్ల కొట్టుకి ఇచ్చేసి పోయింది. అత్తని చూసుకునేవాళ్లకే ఇచ్చాను కదా అని సంతోషపడి ఉంటుంది పాపం. ఆ సంచుల్లో ఒకదాంట్లో గాన్సీ ఉంది. మా తీరంలో జాలర్లు వేసుకునే ముదురు నీలం ఉన్ని చొక్కా, మా ఊరి అల్లిక. విన్ వాళ్ల అమ్మ చేత్తో అల్లింది. ఆ కాలంవి ఇప్పుడెక్కడా దొరకవు. జపాన్‌లో వాటి కోసం ప్రాణం పెట్టే మనుషులున్నారట.

"నేను ఆ కొట్లో ఎన్ని చచ్చిన రేడియోలు కొన్నానో నీకు తెలుసా?" డీన్ గొంతు లేచింది. "ఒక్కదానికైనా వెనక్కి వెళ్లి డబ్బడిగానా? నష్టం వస్తే నా ఖర్మ. లాభం వస్తే మాత్రం పాపమా?"

"ఆ జపాన్ మనిషి నీకిచ్చింది పద్దెనిమిది వందల పౌండ్లు డీన్. అక్కడ ఆవిడ పక్కన కూర్చునే నర్సు జీతం ఆ కొట్టు మీదే వస్తుంది."

"అది కొట్టువాళ్లు చూసుకోవాలి. దాని విలువ వాళ్లకి తెలియకపోతే నా తప్పా?"

"తెలియదని తెలిసే కదా కొన్నావు!"

డీన్ కప్పులో టీ లేకపోయినా ఎత్తి తాగాడు.

"పైగా ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టి, దాని ఫోటో కింద ఏం రాశావ్? చదివానులే. 'తుఫానులో మునిగిపోయిన జాలరి ఒంటి మీద దొరికిన గాన్సీ.' ఎవరిదో తెలియదన్నవాడివి, ఆయన మునిగాడని నీకు ఎవరొచ్చి చెప్పారు? విన్ వాళ్ల నాన్న మంచంలో దగ్గి దగ్గి పోయాడు. ముసలితనంలో పావురాలు పెంచుకున్నాడు!"

"పావురాల గాన్సీ అని రాస్తే ఎవడు కొంటాడే? సముద్రం, చావు ఉంటేనే చెయ్యి జేబులోకి పోతుంది."

ఏమంటాం ఇలాంటి మనిషిని? నవ్వొస్తుంది, ఒళ్లు మండుతుంది, రెండూ ఒకేసారి. పెళ్లి చేసుకున్నది ఆ నోరు చూసే కదా.

"డబ్బు వెనక్కి పంపెయ్," అన్నాను.

"ఏ డబ్బు? గురువారమే అడ్వాన్సు కట్టేశాను. చేపల కొట్టు పైన ఫ్లాటు. సోమవారం తాళాలిస్తారు. నువ్వే కదా, ఆ కిటికీలోంచి రేవు కనబడుతుందని గంతులేసింది?"

వేశాను. నిజమే. గనిలో డీన్ ఉద్యోగం పోయినప్పటి నుంచీ మేం అమ్మ ఇంట్లో పై గదిలో ఉంటున్నాం. నేను చదువుకునే రోజుల్లో పడుకున్న మంచం మీదే ఇద్దరం. ఆ ఫ్లాటు వంటగదిలో నిలబడి, ఇక్కడ నేను గట్టిగా నవ్వినా ఎవరికీ వినబడదు అనుకున్నాను. అప్పటికి డబ్బు ఎక్కడిదో నాకు తెలియదు. రేడియోలు అమ్మాడనుకున్నాను.

అమ్మ సింకు దగ్గర నిలబడి బంగాళాదుంపలు చెక్కుతోంది. పొద్దున్నుంచీ ఒక్క మాట లేదు. అమ్మ నోరు విప్పిందంటే డీన్ పని అయిపోయినట్టేనని నేను కాచుకుని ఉన్నాను. ఆ కొట్టు వెనక గదిలో సంచులు విప్పేది, బట్టలకి ఆవిరి పట్టేది, చీటీలు గుచ్చేది మా అమ్మ ఏవ్రిలే. ఏవ్రిల్ చేతిలో పడితే దారప్పోగు కూడా అటూ ఇటూ పోదని ఊరంతా అంటారు. ఒకసారి నాకో టీ కుండ నచ్చి, పక్కన పెట్టమ్మా అని అడిగితే, "అందరితో పాటు బయట వరసలో నిలబడు" అంది. ఆ టీ కుండ ఎవరో పట్టుకుపోయారు. అదీ మా అమ్మ.

"నువ్వయినా చెప్పమ్మా," అన్నాను. "నీ కొట్టు, నీ పక్కింటావిడ. ఇంత జరుగుతుంటే ఆ దుంపలతో ఏం పని నీకు?"

అమ్మ ఇంకో దుంప తీసుకుంది.

నాకు ఇంకా మండింది. డీన్ మీదకి తిరిగాను. "అసలు అది గాన్సీ అని నీకెలా తెలిసింది?"

"అంటే?"

"ఉన్నికీ నూలుకీ తేడా తెలియదు నీకు. నా మంచి స్వెటర్ వేడినీళ్లలో ఉతికి బొమ్మకి తొడిగేలా చేసిన మనిషివి. ఆ కొట్లో రేడియోలు, కెమెరాల బల్ల దాటి నువ్వెప్పుడైనా బట్టల వైపు వెళ్లావా?"

"ఆ రోజు రెయిన్‌కోటు కోసం వెళ్లాను."

"ఆ రెయిన్‌కోటు నీ భుజాలకి పట్టదు. తెచ్చిన రోజే నవ్వాను."

డీన్ నా వైపు చూడలేదు. సింకు వైపు చూశాడు. అప్పుడు గమనించాను, దుంపలు చెక్కే చప్పుడు ఆగిపోయిందని.

"నేను చెప్పాను," అంది అమ్మ, వెనక్కి తిరక్కుండానే.

"ఏం చెప్పావు?"

"రమ్మని. మంగళవారం పొద్దున, తలుపులు తియ్యకముందు." చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుంది. "చీటీ గుచ్చింది నేను. ఎవరి కంటా పడకుండా రెయిన్‌కోటు లోపల, ఒకే హ్యాంగరుకి తగిలించింది నేను. డబ్బు తీసుకుని గల్లాలో వేసిందీ నేనే. అతన్నంటావేం?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"విన్‌దని తెలుసా?"

"సంచిలోంచి తియ్యగానే తెలిసింది."

"తెలిసీనా అమ్మా?"

"ఆవిడ అడగదనుకున్నాను." అమ్మ గొంతు చిన్నగా ఉంది. "కొండ మీదికి వెళ్లినవాళ్లు బట్టలు అడగరే. ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు."

ఆ మాటకి డీన్ కూడా తల దించుకున్నాడు.

"ఇన్నాళ్లు జీతం బత్తెం లేకుండా చేశాను," అమ్మ అంటోంది. "ఒక్క గుండీ ఇంటికి తెచ్చుకోలేదు. బయటి బేరగాళ్లు పొద్దున్నే వచ్చి, నేను రెండు పౌండ్లు రాసింది పట్టుకుపోయి రెండొందలకి అమ్ముకుంటారు. నా మొహం మీదే నవ్వుకుంటూ పోతారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి నా బిడ్డకి చేరితే ఏం పోయిందనిపించింది. పై గదిలో మీరు గుసగుసలుగా పోట్లాడుకుంటారు చూడు, నేను వింటానేమోనని గొంతులు నొక్కుకుని... అది వినలేకపోతున్నాను లోర్నా. నీకంటూ ఒక తలుపుండాలి."

"నా కోసమని మాత్రం అనకు. దయచేసి అనకు."

"మరెవరి కోసమే?"

లేచి వెళ్లి సొరుగులోంచి కత్తి తీశాను, టేపు కోసెయ్యడానికి. "బండి వచ్చేలోగా కొండ మీదికి తీసుకుపోతాను. ఫ్లాటు లేదు, ఏం లేదు. నడవండి అందరూ."

"తీసుకుపోయి ఏమని చెప్తావ్?" అన్నాడు డీన్. "ఎక్కడ దొరికిందంటే? ఎవరు అమ్మారంటే?"

కత్తి టేపు మీదే ఆగింది. ఈ ఊళ్లో అమ్మకి ఉన్న ఆస్తల్లా ఆ పేరొక్కటే. నాకు ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు.

తలుపు గంట మోగింది.

కొరియరే అనుకున్నాం ముగ్గురం. కాదు. కొట్టు నడిపే మార్జరీ, కోటు నిండా మంచు తడితో. "అబ్బబ్బ, మూడు ఇళ్లు తప్పి వచ్చానర్రా, చెయ్యి చాపితే చెయ్యి కనబడదు," అంటూ నేరుగా వంటింట్లోకి వచ్చేసింది. మార్జరీ ఎప్పుడూ అంతే, మనసులో ఏదీ దాచుకోదు. కత్తి సొరుగులో పడేశాను.

"ఏవ్రిల్, నువ్వొక్కదానివే దిక్కు నాకు," అంది కూర్చుంటూ. "విన్ ఆ గాన్సీ కోసం ప్రాణాలు తోడేస్తోంది. వెనక గదంతా తిరగేశాను. పాత గుడ్డల వాడికి వేసే సంచులు కూడా గుమ్మరించాను. విన్ సామాను బయట పెట్టిన మంగళవారం గల్లా దగ్గర నువ్వే ఉన్నావు కదా, ఎవరైనా కొనుక్కెళ్లారా? నీకు గుర్తుంటుంది. నీకు గుర్తుండకపోతే ఇంకెవరికుంటుంది?"

గాన్సీ ఆవిడ మోచేతికి జానెడు దూరంలో ఉంది. ఆ పెట్టె మీదే టీ కప్పు పెట్టబోయి, తడి అవుతుందని మానేసింది.

చెప్పమ్మా, అనుకున్నాను. ఇప్పుడు చెప్పేస్తే అయిపోతుంది. మార్జరీ తిడుతుంది, ఏడుస్తుంది, రేపటికి క్షమిస్తుంది.

"ఎవరో బయటూరి మనిషి," అంది అమ్మ. "కొండలెక్కే బూట్లు, ఒక కుక్క. ఎప్పుడూ చూడలేదు."

అంత నున్నగా అబద్ధమాడగలదని నాకు తెలియదు. అమ్మ మొహం చూశాను. ఏమీ లేదు అందులో.

"అయితే సాయంత్రానికల్లా ఊరివాళ్ల ఫేస్‌బుక్‌లో పెట్టేస్తాను," మార్జరీ ఉత్సాహంగా అంది. "సంగతి తెలిస్తే ఎవరివ్వరు? ఇంకో ఇరవై పౌండ్లు నా పర్సులోంచి ఇస్తాను. మనుషులు అంత చెడ్డవాళ్లు కాదర్రా."

డీన్ దగ్గాడు. గంట మళ్లీ మోగింది.

మార్జరీ తలుపుకి దగ్గరగా ఉంది. లేచి తనే తీసింది. "డీన్ హార్కర్? పెట్టె తీసుకెళ్లాలి," అంది మంచులోంచి ఓ గొంతు.

"ఇదేనా?" మార్జరీ వెనక్కొచ్చి, మేం ఎవరం కదలకముందే పెట్టెని రెండు చేతులా ఎత్తుకుంది. "ఒసాకానా! ఓరి నీ దుంప తెగ, నీ రేడియోలు అంత దూరం పోతున్నాయా డీన్?"

"అ... అవునండి. రేడియోనే."

"రేడియో ఇంత తేలికేంటి?"

"లోపలి సామాను లేదు. పైపెట్టె ఒక్కటే."

"ఏది పడితే అది కొంటారు బాబూ జనం!" నవ్వుకుంటూ, పసిపిల్లని ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా గుమ్మం దాకా మోసుకెళ్లింది. నేను లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను కూడా. అమ్మ నన్ను చూసింది. నేను పుట్టినప్పటి నుంచీ ఎన్నడూ నా దగ్గర ఏదీ అడగని మనిషి ఒక్క చూపుతో అడిగింది. నోరు మూసుకున్నాను. బండి తలుపు దబ్బున పడింది.

"సరే, అసలు సంగతి చెప్పడం మర్చిపోయాను," మార్జరీ తిరిగి వచ్చి చేతులు దులుపుకుంది. "విన్ నిన్ను చూడాలంటోంది ఏవ్రిల్. ఇవాళే రా. రేపటికి ఉంటుందని నర్సు కూడా అనుకోవడం లేదు."

ఆవిడ వెళ్లాక డీన్ పైకి వెళ్లిపోయాడు. కాసేపటికి ఈల వేస్తున్నాడు. ఆ ఈల వింటుంటే ఇతనితో ఆ ఫ్లాటులో ఉండగలనా అని మొదటిసారి భయమేసింది.

అమ్మ తన గదిలోకి వెళ్లింది. సొరుగు లాగిన చప్పుడు. నేను వెళ్లేసరికి మంచం మీద నాన్న గాన్సీ పరిచి ఉంది. అదే నీలం, అదే మా ఊరి అల్లిక. నాన్న పోయాక ఇంట్లో మిగుల్చుకున్నది అదొక్కటే.

"వద్దమ్మా."

"ఆవిడకి చలేస్తోంది లోర్నా."

"ఇది వాళ్ల నాన్నదని చెప్తావా? ఆవిడతో పాటు మట్టిలో పెట్టేస్తారు దీన్ని. నాన్నది!"

"తెలుసు."

"గుర్తుపడుతుంది."

"కళ్లు ఎప్పుడో పోయాయి ఆవిడకి." మడత పెట్టి సంచిలో పెట్టుకుంది. పెట్టేముందు మెడ దగ్గర ఒకసారి వాసన చూసింది. నేను మొహం తిప్పుకున్నాను.

కొండ ఎక్కుతున్నంతసేపూ మాట్లాడుకోలేదు. మంచులో రోడ్డు కనబడక అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. విదిలించుకోవాలనిపించింది. పట్టుకోనిచ్చాను.

విన్ గదిలో మార్జరీ అప్పటికే ఉంది, మంచం పక్కన అల్లుతూ. అమ్మ సంచిలోంచి గాన్సీ తియ్యగానే ఊలు కింద పడేసి లేచింది.

"దొరికిందా! ఎలా?"

"ఆ కుక్క మనిషి... దారిలో కనబడ్డాడు. అడిగితే ఇచ్చేశాడు."

"చెప్పలేదూ నేను?" మార్జరీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మనుషులు మంచివాళ్లు. విన్, ఇదిగో, ఏవ్రిల్ వెతికి తెచ్చింది. మీ నాన్నగారిది."

అమ్మ దాన్ని విన్ కాళ్ల మీద కప్పింది. విన్ చేతులు దుప్పటి కిందనుంచి మెల్లగా వచ్చాయి. చర్మం కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు. అంచు తడిమింది, ఛాతీ మీది అల్లిక తడిమింది.

"వెచ్చగా ఉంది," అంది.

అమ్మ మంచం ఊచ పట్టుకుంది.

"రెగ్ ఎలా ఉన్నాడు ఏవ్రిల్?" అని అడిగింది విన్.

రెగ్ మా నాన్న. మార్జరీ నా వైపు జాలిగా చూసి, మతి తప్పుతోందన్నట్టు తల ఊపింది. "రెగ్ పోయాడు కదా విన్. ఇది మీ నాన్నగారి గాన్సీ."

"కళ్లు పోయాయి గానీ బుర్ర పోలేదే మార్జరీ." విన్ వేళ్లు అల్లిక మీద ఆగలేదు. "ఈ ఏవ్రిల్‌కి అల్లడం నేర్పింది నేను. మొండిది, ఊలు బిగించి లాగకే అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు. ఇది ఏవ్రిల్ చెయ్యి. రెగ్ కోసం అల్లింది. మా అమ్మ చెయ్యి వదులు." తల అమ్మ ఉన్న వైపు తిప్పింది. కోపం లేదు ఆ గొంతులో, అదే భరించలేకపోయాను. "మా అమ్మ అల్లింది ఏం చేశావు ఏవ్రిల్?"

అమ్మ మంచం ఊచ వదిలేసింది.

మార్జరీ గాన్సీ కేసి చూసింది. అమ్మ కేసి చూసింది. తర్వాత తన రెండు అరచేతులు తిప్పి చూసుకుంది, చాలాసేపు. తల ఎత్తేసరికి ఆ మొహంలో నాకు తెలిసిన మార్జరీ లేదు.

"లోర్నా," అంది. "పొద్దున నా చేత మోయించిన ఆ పెట్టెలో ఏముంది?"

విన్ కూడా జవాబు కోసం తల నా వైపు తిప్పింది.